రెండో దుప్పటి

గుండ్లకోన ఆశ్రమం నుంచి ఏటా వానలు వెనకపట్టాక ఒక నడక బయలుదేరుతుంది. నల్లమల అంచుల వెంట సాగి, కొండలు దిగి, కృష్ణ ఒడ్డు పట్టుకుని, ఆ నీళ్ళు సముద్రంలో కలిసే చోటి దాకా పోతుంది. నెలకు పైగా పట్టే దారి. నడకకు వస్తామన్నవాళ్ళను ఆశ్రమ గురువు భావనారుషి స్వామి జపతపాల గురించి అడిగేవారు కాదు. సంచీ తెచ్చి ముందు పెట్టమనేవారు. ఆయన పుట్టింది చీరాల పక్క మగ్గాల ఇంట్లో. చింత చచ్చినా పులుపు చావనట్టు, కాషాయం కట్టి ఎన్నేళ్ళయినా గుడ్డ కనబడితే ఆయన వేళ్ళు ఊరుకునేవి కావు. సంచీ అడుగు తడిమేవారు, కుట్టు మీద బొటనవేలు పెట్టి నొక్కేవారు, పట్టీ పట్టుకుని ఒక్క గుంజు గుంజేవారు. చివరికి దాన్ని నేల మీంచి జానెడు పైకెత్తి, కాసేపు పట్టుకుని, దించేవారు. చాలామందికి అంతటితో సరి. ఎవరికైనా ఏదైనా చెప్పాలనుకుంటే ఒక్క మాట చెప్పేవారు. ఆ మాట అర్థం కావడానికి కొందరికి నడకంతా పట్టేది, కొందరికి అదీ చాలేది కాదు.

ఆదిశేషు ఆయన దగ్గరికి వచ్చి రెండేళ్ళు దాటింది. అంతకుముందు అతను గిద్దలూరులో హైస్కూలు మాస్టరు. భార్య సులోచనకు నడుము కింది భాగం చచ్చుబడి, ఏళ్ళ తరబడి మంచం మీదే ఉంది. ఆమెను రోజూ పొద్దున పెరట్లోకి, సాయంత్రం వీధి అరుగు మీదికి అతనే వీపున వేసుకుని తీసుకెళ్ళేవాడు. మెడ చుట్టూ చేతులు వేసి ఆమె ప్రతి సాయంత్రం ఒకటే అడిగేది, బరువుగా ఉన్నానా అని. అతను లేదనేవాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసనుకునేవాడు. ఆమె పోయాక, ఇల్లు మరదలికి రాసిచ్చి, ఉద్యోగం వదిలేసి, కట్టుబట్టలతో గుండ్లకోన చేరాడు. దుఃఖం ఉంది, కాదనడానికి లేదు. దానికి మించి అలసట ఉంది. ఈ జన్మకు మోసింది చాలు, ఇక దేన్నీ ఎత్తుకోనని అతను లోలోపల ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టుకే వైరాగ్యమని పేరు పెట్టుకున్నాడు.

ఆ ఏడు నడకకు ముందు ఒక ఉదయం అతను స్వామి ముందు చేతులు కట్టుకుని నిలబడి తన ప్రశ్న అడిగాడు.

"స్వామీ, ఇక ఒంటరిగా పోదామనుకుంటున్నాను. తిరిగి రాను. అట్లా పోయేవాడికి ఎంత సంచీ ఉండాలి?"

అడిగింది సంచీ గురించే అయినా కావలసింది అనుమతి. గురువు పొమ్మంటే తప్ప ఆ ఆశ్రమంలో ఎవరూ అలా పోరు, పోయినవాడు శిష్యుడినని చెప్పుకోడు. ఎప్పటినుంచో అతను దాచుకున్న కోరిక అది. స్వామి ఈ ఏడు తమతో నడవమనీ, తిరిగొచ్చాక రెండింటికీ బదులు చెప్తాననీ అన్నారు.

బయలుదేరే ముందురోజు సంచీలన్నీ మండపం అరుగు మీద వరసగా పెట్టారు. అన్నిటికంటే పెద్దది బాలకోటయ్యది. ఆయన ఒంగోలు పక్క పొగాకు వ్యాపారం చేసి, కొడుకులకు అప్పగించి, నాలుగైదేళ్ళుగా నడకకు వస్తున్న మనిషి. ఆ సంచీ కొండలెక్కేవాళ్ళ సామాన్లమ్మే కొట్లో కొన్నది. ముదురాకుపచ్చ రంగు మందపు గుడ్డ, రెండు పొరల అడుగు, వీపుకు ఆనేచోట మెత్త, భుజాలకు వెడల్పాటి పట్టీలు, నడుముకు మరొక పట్టీ. నేల మీద నిలబెడితే అందులో పసిపిల్లాడు నిలుచున్నా తల కనపడదు. వంట చూసుకునే పేరిందేవమ్మ దాన్ని చూసి, అయ్యగారు ఊరు ఖాళీ చేసి వచ్చినట్టున్నారే అని నవ్వింది. ఆదిశేషు నవ్వలేదు గానీ జాలిపడ్డాడు. ఇన్నేళ్ళు స్వామి పక్కన నడిచినా ఈయనకు సంసారం వదల్లేదు కదా అనుకున్నాడు.

అతను తెచ్చింది ఒక చేతి జోలె. అందులో ఒక పంచె, ఒక తువ్వాలు, ఒక గ్లాసు. అంతకుముందు ఏడు దుప్పటి ఒకటి ఉండేది, ఈసారి అదీ మానేశాడు. ఆశ్రమాల్లో ఒక జబ్బు ఉంటుంది, బయటివాళ్ళకు తెలియదు. ఊళ్ళో జనం ఎవరి మేడ పెద్దదని పోటీ పడితే, ఇక్కడివాళ్ళు ఎవరి మూట చిన్నదని పోటీ పడతారు. అంతా వదిలేసిన మనిషికి ఆ గొప్ప ఒక్కటి వదలడం మహా కష్టం. స్వామి బాలకోటయ్య సంచీని రెండు చేతులా ఎత్తి, దించి, మాట్లాడకుండా ముందుకు జరిగారు. ఆదిశేషు జోలెను ఒక వేలితో ఎత్తారు. దించలేదు. అలా పట్టుకునే అడిగారు.

"ఇది ఎవరు మోస్తారు నాయనా?"

నేనే స్వామీ అన్నాడు ఆదిశేషు. గురువు పరిహాసమాడుతున్నారనుకుని కాస్త సంతోషించాడు కూడా.

నడకలో ఒక ఆనవాయితీ ఉంది. సాయంత్రం దిగినచోట నేల ఊడ్చి ఒక పాత గుడ్డ పరుస్తారు. దాన్ని నడిమి గుడ్డ అంటారు. మిగతావాళ్ళు వాగుకో నదికో స్నానానికి పోతుంటే, ఒక్కొక్కరే వచ్చి తమ సంచీలోంచి పదిమందికీ పనికొచ్చేది ఆ గుడ్డ మీద పెట్టిపోతారు. బియ్యం, గిన్నె, తాడు, నూనె, మందు, ఏది ఉంటే అది. ఆ పూటకు ఎవరికేది కావాలో వాళ్ళు అందులోంచి తీసుకుంటారు. ఎవరు పెట్టారని అడగకూడదు, ఎవరు తీశారని చూడకూడదు. తీసుకున్నవాటిలో పని తీరినవన్నీ పొద్దున మళ్ళీ గుడ్డ మీదికే చేరతాయి, పెట్టినవాళ్ళు మౌనంగా సర్దుకుంటారు. ఇచ్చినవాడికి గర్వం, పుచ్చుకున్నవాడికి సిగ్గు ఉండకూడదని ఏ కాలపు గురువో పెట్టిన నియమం అది.

ఆదిశేషు మొదటి సాయంత్రం తన గ్లాసు పెట్టాడు. దాన్ని ఎవరూ తీసుకోలేదు, అందరికీ గ్లాసులున్నాయి. చలికి దుప్పటి కావలసివచ్చి చూస్తే, గుడ్డ మీద గళ్ళ దుప్పటి ఒకటి మడతపెట్టి ఉంది. తీసుకున్నాడు. మర్నాడు కూడా అది అక్కడే ఉంది. కాలి చెప్పు తెగిన రోజున గుడ్డ మీద ఒక జత చెప్పులు కనిపించాయి, అతని కాలికి సరిపోయాయి. మడమ పగిలిన రోజున లేపనం డబ్బా కనిపించింది. అతని మనసు పొంగిపోయింది. ఏమీ దాచుకోనివాడికి ఏదీ తక్కువ కాదని పెద్దలు చెప్పింది తన కళ్ళ ముందే జరుగుతోందని నమ్మాడు. తనను కనిపెట్టి చూసే చెయ్యి ఒకటి ఉందని అనుకున్నాడు. ఆ మాట నిజమే. ఆ చెయ్యి పైన ఆకాశంలో ఉందనుకోవడమే పొరపాటు.

పొద్దున అందరూ సర్దుకుంటూ ఉండగానే అతను జోలె భుజాన తగిలించుకుని ముందు బయలుదేరిపోయేవాడు. సర్దుకోవడానికి ఏముందని ఆగాలి? అందువల్ల ఏ వస్తువు ఎవరి సంచీలోకి పోతుందో అతను ఒక్కనాడూ చూడలేదు. వెనక బాలకోటయ్య వగరుస్తూ ఎక్కుతుంటే చాలా దూరం నుంచి ఆ ఆకుపచ్చ సంచీ కనిపించేది. ఒకసారి గట్టు మీద కూర్చుని ఆయన అందుకునేదాకా ఆగి, అన్నా, కొంత దించేసుకోకూడదా అని మెత్తగా సలహా ఇచ్చాడు. బాలకోటయ్య చెమట తుడుచుకుని, అలవాటైపోయింది తమ్ముడూ అన్నాడు. పక్కనే ఉన్న పేరిందేవమ్మ ఏదో అనబోయి, స్వామి వైపు చూసి ఊరుకుంది.

కొండలు ఇంకా దిగకముందే అది జరిగింది. వాగు దాటుతుండగా పాచి పట్టిన రాయి మీద బాలకోటయ్య కాలు జారింది. సంచీ బరువుతో ఒక పక్కకు పడ్డాడు. అప్పటికే ఆవలి గట్టెక్కిన ఆదిశేషు, కేక విని పరుగెత్తుకొచ్చాడు. మోకాలి కింద ఎముక విరిగిందని చూడగానే తెలుస్తోంది. నొప్పికి బాలకోటయ్య ముఖం తెల్లబడింది, అయినా పెదవి బిగబట్టి ఉన్నాడు. దగ్గరలోని చెంచు గూడెం నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. వెదుళ్ళు కొట్టి, బాలకోటయ్య సంచీలోని టార్పాలిన్ పట్టానే డోలీగా కట్టి, ఆయన్ను అందులో పడుకోబెట్టారు. రోడ్డున్న ఊరు దాకా మోసుకుపోతే జీపు దొరుకుతుంది. గూడెం వాళ్ళిద్దరూ, నడకలోని గట్టివాళ్ళు ఇద్దరూ డోలీకి భుజం పట్టారు. ఆ ఇద్దరి సంచీలూ మిగతావాళ్ళు పంచుకున్నారు. ముందురోజే బియ్యం నింపుకున్నారేమో, ఆదిశేషుది తప్ప ఇక ఎవరి వీపు మీదా చోటు లేదు. ఆకుపచ్చ సంచీ వాగు ఒడ్డున మిగిలింది.

అడవిలో ఏ వస్తువూ వదిలిపోకూడదన్నది కూడా ఆ నడక నియమమే. ఎవరూ ఆదిశేషు వైపు చూడలేదు. స్వామి చెయ్యమని అనలేదు. డెబ్భై దాటిన ఆ మనిషి తన సంచీని పేరిందేవమ్మకు అందించి, నిదానంగా వంగి, ఆ పెద్ద సంచీ పట్టీలోకి ఒక చెయ్యి దూర్చారు. మోకాలు నేలకు ఆనించి లేవబోయారు, లేవలేకపోయారు. మళ్ళీ ప్రయత్నించారు. ఆదిశేషు దగ్గరికి పోయి, గురువు భుజం మీంచి పట్టీ తప్పించి, సంచీని తన వీపుకెత్తుకున్నాడు. రెండడుగులు వేసేసరికి భుజాలు వెనక్కి లాగేసి తూలిపోయాడు. డోలీలోంచి బాలకోటయ్య పళ్ళ బిగువున చెప్పాడు.

"ముందు నడుం పట్టీ బిగించు తమ్ముడూ. అది భుజాలు మోసేది కాదు, నడుము మోసేది."

బిగించాడు. బరువు భుజాల మీంచి తుంటి మీదికి దిగి, అక్కడ కుదురుకుంది. కాస్త ముందుకు వంగి, అడుగు దగ్గరగా వేస్తూ కదిలాడు. ఇలా వంగడం అతని ఒంటికి కొత్త కాదు. అరుగు మీదికి మెట్లెక్కేటప్పుడు ఇలాగే వంగేవాడు. ఇలాగే ముందు కుడికాలు పెట్టి, గడప దాటేముందు ఊపిరి తీసుకునేవాడు. అతను మరిచిపోవాలని ఇల్లు వదిలాడు, ఊరు వదిలాడు, చివరికి దుప్పటి కూడా వదిలాడు గానీ, వీపు మరిచిపోలేదు. దారి పొడవునా అతని కళ్ళు కారుతూనే ఉన్నాయి. చెమట అనుకున్నారో ఏమో, ఎవరూ పలకరించలేదు.

ఊరి మొదట్లో డోలీ దించి భుజాలు మార్చుకుంటున్నప్పుడు అతను పక్కనే నిలబడ్డాడు. బాలకోటయ్య అతని వంక చూసి, నొప్పిలోనే మొహమాటపడుతూ అడిగాడు.

"బరువుగా ఉందా తమ్ముడూ?"

"లేదన్నా," అన్నాడు ఆదిశేషు.

అన్నాక తెల్లబోయాడు. ఎందుకంటే అది అబద్ధం కాదు. బరువు ఉంది, తుంటి ఒరుసుకుపోతోంది, కాళ్ళు వణుకుతున్నాయి. అయినా అది అబద్ధం కాదు. అలాగైతే ఆ సాయంత్రాల్లో సులోచనకు చెప్పింది కూడా అబద్ధం కాదు. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట నిజం చెప్పలేదని తనను తాను తినేసుకున్న మనిషికి, అది నిజమేనని ఆ ఊరి పొలిమేరలో తెలిసింది. ఆమెకు కూడా అది తెలిసే ఉంటుందని, అందుకే రోజూ అడిగి మరీ వినేదని అనిపించింది.

బాలకోటయ్యను జీపులో ఎక్కించి పంపాక, ఆ సాయంత్రం ఊరి బయట మామిడితోపులో నడిమి గుడ్డ పరిచారు. ఆయన సంచీ తెరిచి గుడ్డ మీద పెట్టాల్సినవి పెట్టే పని ఆదిశేషుది అయింది. అందరూ కాలువకు పోయారు. అతను మోకాళ్ళ మీద కూర్చుని తాడు విప్పి ఒక్కొక్కటీ తీశాడు. పైన పెద్ద గిన్నె, దానికింద మందుల డబ్బా, మోకు, గొడ్డలి, చిన్న లాంతరు. పగిలిన మడమలకు రాసే లేపనం డబ్బా, సగం వాడింది. తాను వాడిందే. తాను గుడ్డ పక్కనే వదిలేసిపోయిన తెగిన చెప్పులు కూడా ఉన్నాయి, తోలు పట్టీ వేసి సగం కుట్టారు. వాటికింద గళ్ళ దుప్పటి. దాన్ని చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టాడు. దానికి ఇప్పుడు తన ఒంటి వాసనే ఉంది. ఇంకా అడుగున ఏముందోనని చెయ్యి పెట్టాడు. ఒక పంచె, ఒక తువ్వాలు, ఒక పాత దుప్పటి. బాలకోటయ్య తనకంటూ తెచ్చుకున్నవి అవి.

ఆదిశేషు తన జోలె తెచ్చి పక్కన బోర్లించాడు. ఒక పంచె, ఒక తువ్వాలు, ఒక గ్లాసు. కొండంత సంచీకీ తన జోలెకీ, సొంతం అన్నంత వరకు చూస్తే, పెద్ద తేడా లేదు. కాకపోతే ఆ మనిషి తన చలికి దుప్పటి తానే తెచ్చుకున్నాడు, ఆదిశేషు అది కూడా వేరేవాడి వీపు మీద పెట్టాడు. ఇది ఎవరు మోస్తారు నాయనా అని ఆనాడు గురువు అడిగింది పరిహాసం కాదు. తన జోలె ఎంత తేలికైతే వెనకవచ్చే ఆ సంచీ అంత బరువెక్కింది. ఆ బరువుతోనే ఆయన రాయి మీంచి జారాడు. స్నానం చేసి వచ్చిన పేరిందేవమ్మ, గుడ్డ ముందు తలవంచుకుని కూర్చున్న అతన్ని చూసి పక్కన కూలబడింది. ఆమె ఏనాడూ నియమం తప్పని మనిషి, ఆ పూట ఒక్కటి చెప్పింది. ఆదిశేషయ్య దుప్పటి లేకుండా వస్తున్నాడని తెలిసి, కోటయ్యగారు బయలుదేరే ముందు ఊళ్ళోకి పోయి ఇది కొనుక్కొచ్చారని, గుడ్డ మీద పెట్టేటప్పుడు రోజూ అన్నిటికంటే పైన పెట్టేవారని. ఆదిశేషు ఆ దుప్పటిని గుడ్డ మీద, అన్నిటికంటే పైన పెట్టాడు. ఆ రోజు దాన్ని తీసుకోలేదు.

మిగిలిన దారంతా ఆ సంచీ అతని వీపు మీదే ఉంది. ఇప్పుడతను అందరికంటే వెనక నడిచేవాడు. పొద్దున సర్దడానికి సమయం పట్టేది. సముద్రం దగ్గర అందరూ స్నానం చేశాక, సంచీని ఉతికి ఇసుకలో ఆరబెట్టి, ఒంగోలు పోయి బాలకోటయ్య ఇంట్లో అప్పగించబోయాడు. కాలికి కట్టుతో మంచం మీద కూర్చున్న బాలకోటయ్య, క్షమించమని అతను నోరు తెరవకముందే చేత్తో వారించాడు. ఎముక అతుకుతుంది గానీ ఇక కొండలెక్కొద్దన్నారట డాక్టర్లు. సంచీని కాసేపు ఒళ్ళో పెట్టుకుని నిమిరి, మళ్ళీ అతని చేతుల్లోనే పెట్టాడు. అటకెక్కించే సంచీ కాదు తమ్ముడూ, నీ దగ్గర ఉండనీ అన్నాడు.

గుండ్లకోనకు తిరిగివచ్చిన మూడోనాడు ఆదిశేషు ఆ సంచీ వీపున వేసుకుని స్వామి ముందుకు పోయాడు. గురువు అరుగు మీద కూర్చుని ఉన్నారు. అతను సంచీ దించి, నమస్కారం చేసి, పక్కన నిలబడ్డాడు. అడగాల్సింది ముందే అడిగి ఉన్నాడు కనుక మళ్ళీ అడగలేదు. పొమ్మంటారో, ఉండమంటారో, ఏదైనా సరేనన్న నిబ్బరం ముఖంలో ఉంది గానీ, చేతులు మాత్రం పట్టీని వదలడం లేదు. స్వామి ఎప్పటిలాగే అడుగు తడిమారు, కుట్టు నొక్కారు. మూత విప్పి చెయ్యి లోపల పెట్టారు. గిన్నె, మోకు దాటి ఆయన వేళ్ళు గుడ్డ దగ్గర ఆగాయి.

"ఒంటరిగా పోతానన్నావు. రెండు దుప్పట్లున్నాయే?"

"ఒకటి నాది స్వామీ."

"రెండోది ఎవరిది?"

గురువు దగ్గర ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

"ఇంకా తెలీదు స్వామీ. దారిలో తెలుస్తుంది."

భావనారుషి స్వామి మూత బిగించారు. పట్టీ పట్టుకుని ఒక్క గుంజు గుంజి, సంచీని అతని వైపు జరిపారు.

"కుట్టు గట్టిదే. వెళ్ళిరా నాయనా."